ఒక్క సెల్ బలహీనపడినా బ్యాటరీకి చేటు

పటాన్‌చెరు: విద్యుత్ స్కూటర్లపై విధులకు వెళ్లే కార్మికులు బ్యాటరీల విషయంలో అప్రమత్తంగా ఉండాలి. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో విద్యుత్ స్కూటర్ల షోరూంలో మంటలు చెలరేగి, పైఅంతస్తుల్లోని లాడ్జిలో ఎనిమిది మంది మృతిచెందారు.

లిథియం బ్యాటరీలో అనేక సెల్‌లు వరుసగా అనుసంధానమై ఉంటాయి. ఎన్‌ఎంసీ రకం సెల్‌కు 4.2, ఎల్‌ఎఫ్‌పీ రకానికి 3.65 వోల్టులు గరిష్ఠ పరిమితి. ఒక్క సెల్ ముందే నిండినా బీఎంఎస్ అనే నియంత్రణ పరికరం ఛార్జింగ్‌ను నిలిపివేస్తుంది. మిగిలినవి నిండకుండానే ఉండిపోతాయి. ఆ పరికరం పనిచేయకుంటే సెల్ వేడెక్కి మంటలు రేగవచ్చు. అన్ని సెల్‌లనూ సమస్థాయికి తేవడమే బ్యాలెన్సింగ్.

సామర్థ్యం తెలియాలంటే పూర్తిగా ఛార్జి చేసి, స్థిరమైన కరెంటుతో కనిష్ఠ వోల్టేజి వరకు డిశ్చార్జి చేయాలి. 5 ఆంపియర్ల చొప్పున 4 గంటలు వస్తే 20 ఏహెచ్. 25 ఏహెచ్ బ్యాటరీ అయితే 80 శాతమే మిగిలినట్లు. పాత బ్యాటరీ కొనేవారు ఈ పరీక్ష చేయించుకోవాలి. ఉబ్బిన బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టరాదు.