ఏడున్నర లోపు

పుదుచ్చేరి బీచ్ రోడ్డులో సాయంత్రం ఆరింటికి బారికేడ్లు పెట్టి బండ్లను ఆపేస్తారు. మళ్లీ వదిలేది పొద్దున ఏడున్నరకే. అప్పటిదాకా ఆ రోడ్డంతా నడిచేవాళ్లదే. ఐదున్నరకల్లా గాంధీ విగ్రహం దగ్గర చెప్పులు, కాన్వాస్ బూట్లు, ఒట్టి కాళ్లు అన్నీ కనిపిస్తాయి. ఎదురుగా 1836లో వెలిగిన పాత లైట్‌హౌస్. సముద్రం పక్కనే ఉన్నా ఉక్కపోత మాత్రం తగ్గదు.

ముత్యాలపేటలో ఉండే మా పిన్ని నాలుగేళ్లుగా ఇక్కడ నడుస్తోంది. వయసు 61. ఆ మధ్య నేను కొత్త వాచీ కట్టుకుని ఆమె పక్కన నడిచాను. రోజుకు పది వేల అడుగులు, ఆర్నెల్లలో పది కిలోలు తగ్గడం అని నా లక్ష్యాలు చెప్పాను.

"పదివేలు ఎవరు చెప్పారురా?"

"వాచీ చెప్పింది పిన్నీ."

ఆ అంకె పుట్టింది వైద్యుల దగ్గర కాదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడు, 1965లో, జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్మింది. దాని పేరు 'మాన్పోకే', అంటే పదివేల అడుగుల మీటరు. అమ్మకానికి పెట్టిన పేరు మనకు ఆరోగ్య సూత్రమై కూర్చుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లను అడిగేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాలకు పని. ఈ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు కిలోమీటరు పైచిలుకు. రెండుసార్లు పోయి వస్తే యాభై నిమిషాలు. వారానికి మూడు రోజులు చాలు, 150 నిమిషాలూ తీరిపోతాయి. వాచీ అక్కర్లేదు.

"బరువు తగ్గాలనుకోవడం లక్ష్యం కాదు, బెంగ. రేపు ఎన్నింటికి లేస్తావో అది చెప్పు" అంది పిన్ని.

తేదీ పెట్టుకుని ఒళ్లు వంచడం ఈ ఊరికి పాత అలవాటే. అరవిందాశ్రమంలో పిల్లలకు, ఆశ్రమాన్ని నడిపిన శ్రీమాత 1945లో వ్యాయామ శిక్షణ మొదలుపెట్టించారు. అక్కడ ఏటా డిసెంబర్ 2న పిల్లలూ పెద్దలూ మైదానంలోకి దిగి విన్యాసాలు చూపిస్తారు. శ్రీమాత స్వయంగా ఎనభై ఏళ్లు వచ్చేదాకా టెన్నిస్ ఆడారు. మన కట్టమంచి రామలింగారెడ్డిగారు ఉపకులపతిగా ఉన్న ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1948 డిసెంబర్ 11న అరవిందులకు జాతీయ బహుమతి ఇచ్చింది. అదే నెల 30న అరవిందులు కూర్చుని రాసింది ఆశ్రమ వ్యాయామ పత్రికకు సందేశం. యోగి అయితే ఒంటిని పట్టించుకోడని మనకో అపోహ. అంతకు పదేళ్ల ముందు, 66వ ఏట, ఆయనే గదిలో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నారు. మళ్లీ నడక నేర్చుకోవడం ఎంత కష్టమో ఆయనకు పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు.

పిన్ని పెట్టుకున్న తేదీ మాఘమాసంలో ఒక శనివారం. శ్రీవారి మెట్టు మీదుగా తిరుమల ఎక్కాలి. అలిపిరి దారికి 3,550 మెట్లు, దీనికి 2,388. తక్కువే గానీ నిటారు. చిక్కల్లా పుదుచ్చేరి చదునైన ఊరు కావడమే. బీచ్ రోడ్డులో ఎన్నేళ్లు నడిచినా మోకాలికి మెట్టు అలవాటు కాదు. ముందు డాక్టరుకు మోకాళ్లు, బీపీ చూపించుకుంది. తర్వాత అపార్ట్‌మెంట్ మెట్లు లెక్కపెట్టింది. కింది నుంచి మేడ దాకా అరవై. నలభైసార్లు ఎక్కితే 2,400. దీపావళి అయ్యాక ఐదుసార్లతో మొదలుపెట్టి, వారానికి రెండేసి చొప్పున పెంచింది. పాలవాడి క్యాలెండర్ మీద పెన్సిల్‌తో గీతలు. ఇరవై ఐదు దాటితే చాలనుకుంది. కొండ మీద ఎలాగూ కూర్చుంటూ ఎక్కడమే కదా.

2024 నవంబర్ 30 రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గరే తీరం దాటింది. ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన. వీధులు చెరువులయ్యాయి, ఇక నడకెక్కడ? నా ప్లాను అయితే అక్కడే చచ్చేది. ఆ క్యాలెండర్ అడుగున మాత్రం ఎప్పుడో రాసిన ఒక వాక్యం ఉంది: "వాన వస్తే సాయంత్రం మెట్లు, కరెంటు పోతే కుర్చీలోంచి ఇరవైసార్లు లేవాలి." జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ చెప్పిన పద్ధతి అచ్చంగా ఇదే. ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను అని ముందే అనుకున్నవాళ్లు, ఊరికే చేస్తానన్నవాళ్ల కంటే ఎక్కువగా చేసి చూపిస్తారని ఆయన పరిశోధనలు తేల్చాయి. పిన్నికి ఆయన పేరు తెలీదు. తుపాను వారంలో ఆమె గీతలు తొమ్మిది నుంచి ఆరుకు తగ్గాయి, అంతే.

ఫిబ్రవరిలో కొండ మీది నుంచి ఫోన్ చేసింది. ఎన్ని గంటలు పట్టిందని అడిగితే చెప్పలేదు, పద్నాలుగుచోట్ల కూర్చున్నానంది.

"మరి దిగడం?"

"దిగేది బస్సులోనేరా. దిగేటప్పుడే మోకాళ్లు పోతాయని డాక్టరు ముందే చెప్పాడు. అది కూడా క్యాలెండర్‌లో రాసిపెట్టా, నువ్వు చూడలేదు."