*కునింగజ్ : ఒక పునర్నిర్మిత పదము

ఆంగ్లమున 'కింగ్', డచ్చి భాషయందు 'కోనింగ్', స్వీడిషున 'కోనుంగ్' – రాజవాచకములగు ఈ పదములకు మూలముగా భాషాశాస్త్రజ్ఞులు మూలజర్మానికమున *కునింగజ్ అను రూపమును పునర్నిర్మించిరి. ఇది ఏ శాసనమునందును, ఏ గ్రంథమునందును కానరాదు. పదమునకు ముందున్న నక్షత్రచిహ్నమునకు అర్థమదియే. కానరాని పదమును ఎంతవరకు విశ్వసింపవచ్చును? ఈ ప్రశ్ననే మేమిట పరిశీలింపదలచితిమి.

ఇందలి ప్రకృతి *కున్య. దీనికి 'వంశము' అని అర్థము. ఆంగ్లమున బంధువర్గమును దెలుపు 'కిన్' దీని సంతతియే. '-ఇంగ' యనునది 'తత్సంబంధి, తద్వంశజుడు' అను అర్థముల నిచ్చు తద్ధితప్రత్యయము. కావున సమగ్రరూపమునకు 'సద్వంశజుడు' అని కొందరును, 'వంశమునకు ప్రతినిధి' అని కొందరును అర్థము చెప్పిరి.

మూలభాషలోని గకారము జర్మానికమున కకారమగునని గ్రిమ్ పండితుడు 1822లో ప్రకటించిన సూత్రము తెలుపును. లాటిన్ 'గెనుస్', గ్రీకు 'గెనొస్' పదములయందు ఆ గకారము నిలిచినది; సంస్కృతమున జకారమై 'జనస్', 'జాతి' శబ్దములయందు కానవచ్చుచున్నది. మన జనము, జాతి ఆ సంస్కృతమునుండి వచ్చిన తత్సమములే.

ఇట నొక హెచ్చరిక యవసరము. 'కింగ్' శబ్దము సంస్కృత 'జనక' శబ్దమేయని పూర్వము కొందరు తలచిరి. ధాతువొక్కటియే యైనను ప్రత్యయములు వేరు. ధాతుసామ్యమును పదైక్యముగా గ్రహించుట పొరపాటు.

ఇక సాక్ష్యము. ఉత్తర జర్మానికమున పదాంతమందలి జకారము రేఫమైనది. ప్రాచీన నార్సు రూపము 'కోనుంగ్ర్'. పశ్చిమశాఖయందది లోపించెను. గోతిక్ బైబిలున ఈ పదమే లేదు. రాజునకు 'థియుదన్స్' అను వేరొక శబ్దము ప్రయుక్తమైనది. అయినను జర్మానిక కుటుంబమునకు చెందని ఫిన్నిష్ భాషయందు నేటికిని రాజును 'కునింగస్' అందురు. పూర్వమెన్నడో ఎరువు తెచ్చుకొన్న పదమును ఆ భాష ఇంచుమించు చెక్కుచెదరకుండ కాపాడినది. లిథువేనియనున ఈ పదమే 'కునిగస్' అయి తొలుత ప్రభువును, పిదప మతాచార్యుని తెలిపినది. రష్యన్ భాషలోని రాజవంశీయవాచకమగు 'క్న్యాజ్' కూడ ఇట్టి ఎరువే.

కావున పునర్నిర్మాణము కేవలము ఊహ కాదు. ధ్వనిసూత్రములు సూచించిన రూపమునకు పొరుగుభాష సాక్ష్యము పలికినది. మూలద్రావిడ పదములను పునర్నిర్మించు మన పరిశోధకులు సోదరభాషలతో తృప్తినొందక, ఎరువు గొన్న భాషలను సైతము శోధింపవలెను. ఇంట నశించిన సొమ్ము ఒక్కొక్కప్పుడు పొరుగింట భద్రముగ నుండును.