అడవిలో ఏటేటా ఎంత కలప నఱకవచ్చును?

2016 వఱకు కరీంనగరు జిల్లాలో చేరియుండిన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల యడవులు వేసవిలో ఆకు రాల్చునట్టివి. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప మొదలగు వృక్షము లిందు పెరుగును. పూర్వము నాగలికిని, బండికిని, ఇంటి దూలములకును, నేతగాండ్ర మగ్గములకును వలసిన కలపకు అడవియే ఆధారము. ఈ యాధారము తఱుగకుండుటకు రైతు లొక లెక్క నెఱుంగవలెను.

అడవి చెఱువువంటిది. వానకు చేరు నీరు చెట్ల పెరుగుదల; ఎండకు ఇగురు నీరు చెట్ల చావు; తూమునుండి వదలు నీరు మనము నఱకు కలప. చేరినదానిలో ఇగిరినది పోగా మిగిలినంతయే వదలినచో చెఱువు మట్టము తగ్గదు.

ఒక యడవిలో 1000 బండ్ల కలప నిలిచియున్న దనుకొందము. ఏటా నూటికి 3 చొప్పున 30 బండ్లు పెరుగును; నూటికి 1 చొప్పున 10 బండ్లు గాలికి, చెదలకు, కరవునకు చచ్చును. మిగులు 20 బండ్లు. అంతమాత్రమే నఱకిన అడవి తఱుగదు. 40 బండ్లు నఱకినచో మొదటి యేట 20 బండ్లు తఱుగును. ఈ లెక్కను అడవి 50 ఏండ్లు నిలుచు నని కొందఱు తలంతురు. అది పొరపాటు. చెట్లు తగ్గినకొలది పెరుగుదలయు తగ్గును గనుక ఆ యడవి 35 ఏండ్లకే అంతరించును. నేడు ఉయ్యాలలోనున్న బిడ్డ ఇల్లు కట్టుకొను నాటికి దూలమునకు చెట్టుండదు.

1856లో బర్మాదేశపు పెగూ టేకు అడవుల యధికారియైన డీట్రిచ్ బ్రాండిస్ ఇట్టి లెక్కనే యనుసరించెను. చుట్టుకొలతనుబట్టి చెట్లను తరగతులుగా లెక్కించి, ఏటా ఎన్ని చిన్నచెట్లు పెద్ద తరగతికి ఎదుగునో అంతకుమించి పెద్దచెట్లను నఱకరాదని నిర్ణయించెను.

రైతులు గమనింపవలసినవి:

1. సొంత టేకుతోట చిక్కగానున్నచో వంకరవానిని, అణగినవానిని ముందుగా తీయవలెను. చావబోవు కలప వాసములకును వంటచెఱకునకును అక్కఱకు వచ్చును. మిగిలినవి త్వరగా లావగును.

2. టేకును వానలకు ముందు, నేలకు దగ్గఱగా, వాడి గొడ్డలితో ఏటవాలుగా నఱకవలెను. మోడునుండి వచ్చు పిలకలలో బలమైనదాని నొకటి నిలిపి తక్కినవి తీయవలెను.

3. ఇప్పపువ్వు ఏరుటకై రాలుటాకులకు నిప్పు పెట్టరాదు. లేతపిలకలపైకి మేకలను తోలరాదు. మొలకలు లేని యడవిలో నఱకుడు లెక్క యెంత సరియైనను ఫలము లేదు.

4. తొఱ్ఱలుగల ఎండుచెట్లు కొన్నిటిని విడిచిపెట్టవలెను. గుడ్లగూబలు వానిలో నివసించి పొలములోని యెలుకలను తినును.

5. రిజర్వు అడవిలో అనుమతి లేక ఏ చెట్టును నఱకరాదు. సొంత పొలములోని చెట్టు విషయమునను 2002 నాటి నీరు, భూమి, వృక్షముల చట్టము గలదు గాన, గొడ్డలి యెత్తుటకు ముందు అటవీశాఖవారిని విచారింపవలెను.