మారే వార్షికాదాయం, మారని పరిమితి: భద్రాచలం అటవీ సరిహద్దులో సహాయ పథకాల అర్హత

1. ప్రవేశిక

ప్రభుత్వ సహాయ పథకాలలో అనేకం ‘కుటుంబ వార్షికాదాయం’ అనే ఒక్క అంకెను ప్రాతిపదికగా తీసుకుంటాయి. నెలజీతం గలవారి విషయంలో ఆ అంకెను నిర్ణయించడం సులభం. ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామాలలో ఆదాయం ఋతువును బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది. ఈ మార్పు అర్హతను ఏ విధంగా ప్రభావితం చేస్తుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఆదాయ స్వరూపం

వేసవిలో కొన్ని వారాలు తునికాకు సేకరణ సాగుతుంది. యాభై ఆకుల కట్టకు ఇంత అని కల్లం దగ్గర లెక్కకడతారు. అంతకుముందు మిరప కోతలు, ఇప్పపువ్వు సేకరణ, వానాకాలంలో వరి, పత్తి పనులు ఉంటాయి. ఈ కూలిపనులలో చాలావాటికి రశీదులు ఉండవు. అందువల్ల మీసేవలో దరఖాస్తు చేసి తహసీల్దారు నుండి పొందే ఆదాయ ధ్రువపత్రంలోని అంకె చాలావరకు సొంత ప్రకటన, స్థానిక విచారణల మీద ఆధారపడిన అంచనాయే.

3. ఒకే అడవి, రెండు కొలమానాలు

2014 రాష్ట్ర విభజన క్రమంలో భద్రాచలం పట్టణం తెలంగాణలో నిలిచింది. దానిని ఆనుకొని ఉన్న ఎటపాక, కూనవరం, చింతూరు ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. తెలంగాణలో ఆహార భద్రత కార్డుకు గ్రామీణ కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 1.5 లక్షల రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డుకు గ్రామీణ పరిమితి నెలకు 10,000 రూపాయలు, అంటే ఏడాదికి 1.2 లక్షలు. రెండుచోట్లా భూపరిమితి వంటి ఇతర నిబంధనలు కూడా ఉన్నాయి.

ఒక ఊహాత్మక కుటుంబాన్ని పరిశీలిద్దాం. దాని ఆదాయం మొదటి ఏడాది 1,30,000, రెండవ ఏడాది 1,55,000, మూడవ ఏడాది 95,000 రూపాయలు అనుకుందాం. తెలంగాణ కొలమానం ప్రకారం రెండవ ఏడాది మాత్రమే ఈ కుటుంబం అనర్హం. పునఃపరిశీలన ఆ ఏడాదే జరిగితే, కేవలం 5,000 రూపాయల ఆధిక్యం వల్ల మొత్తం ప్రయోజనం పోతుంది. తిరిగి దరఖాస్తు చేసుకొని కార్డు పొందేలోగా, అవసరం అధికంగా ఉన్న మూడవ ఏడాది గడచిపోవచ్చు. ఇదే కుటుంబం ఎటపాకలో ఉంటే మొదటి రెండేళ్లూ అనర్హమే. పైగా నెలవారీ కొలమానంలో మరొక చిక్కు ఉంది. తునికాకు కాలంలోని నెలను చూస్తే ఆ కుటుంబం సంపన్నంగానూ, పనిలేని నెలను చూస్తే నిరుపేదగానూ కనిపిస్తుంది.

4. ఆదాయంతో నిమిత్తం లేని సహాయం

2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. ముంపు కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 10,000 రూపాయల చొప్పున, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2,000 రూపాయల చొప్పున సహాయం ప్రకటించాయి. మొత్తాలు వేరైనా, ఇక్కడ ప్రాతిపదిక ఆదాయం కాదు, ముంపు. అదేవిధంగా అంత్యోదయ అన్న యోజనను విస్తరించినప్పుడు ఆదిమ గిరిజన కుటుంబాలను అర్హుల వర్గంగా చేర్చారు. ఈ ప్రాంతపు కొండరెడ్లు ఆ వర్గంలోనివారే. ఇటువంటి అర్హత ఒక మంచి పంటకాలంతో చెదిరిపోదు.

5. ముగింపు

పై ఉదాహరణలో మూడేళ్ల సగటు సుమారు 1,26,667 రూపాయలు. సగటును ప్రమాణంగా తీసుకుంటే తెలంగాణలో ఆ కుటుంబం అర్హత కోల్పోదు. అయితే సగటు, హఠాత్తుగా వచ్చిన నష్టాన్ని ఆలస్యంగా గుర్తిస్తుంది. కాబట్టి అర్హత కల్పించడానికి ప్రస్తుత ఏడాది ఆదాయాన్ని, తొలగించడానికి మూడేళ్ల సగటును పరిగణించడం సముచితం. కూలిరేట్లు, ధరలు పెరుగుతున్నప్పుడు పరిమితిని సవరించకపోతే, నిజమైన జీవనస్థాయి మారకుండానే కుటుంబాలు గీత దాటుతాయి. ఒక మంచి ఏడాది శిక్షగా పరిణమించే చోట, ఆదాయాన్ని తగ్గించి చెప్పడం ఆత్మరక్షణ అవుతుంది. ఆ స్థితిలో ధ్రువపత్రంలోని అంకె పేదరికానికి నమ్మదగిన కొలమానం కాజాలదు.