పడ్డప్పుడు ఎవరు చూసిన్రు?

పోయిన ఎండాకాలం మా మనూర్‌లో చిన్నమ్మ కొడుకు పొలం గట్టు మీద కుప్పకూలిపోయాడు. పదకొండేళ్ల పిల్లగాడు. కాళ్లు చేతులు రెండు మూడు సార్లు కొట్టుకున్నాయట. సాయంత్రానికల్లా వాడకట్టంతా "పిల్లగానికి ఫిట్స్ వచ్చినయంట" అని తేల్చేసింది. అమ్మమ్మేమో "గాలి సోకింది, తాయెత్తు కట్టియ్యాలె" అంది.

మర్నాడు నారాయణఖేడ్‌లో డాక్టర్‌కి చూపించాం. వెంటనే స్కాన్ రాస్తారనుకున్నా. ఆయన మొదట అడిగింది ఒక్కటే: "పడ్డప్పుడు ఎవరు చూసిన్రు?"

చిన్నమ్మ చూడలేదు. నేనూ చూడలేదు. చూసింది పక్క చేను తాత. ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేశాం. "ఎండల శానసేపు నిలవడ్డడు సార్. కండ్లు చీకట్లయితున్నయ్ అన్నడు, పడ్డడు. జరంత కొట్టుకున్నడు. ఎంటనే లేసి నన్ను గుర్తువట్టి నీళ్లడిగిండు."

ఒక ముసలాయన చెప్పిన నాలుగు మాటలకి అంత విలువ ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాత చదివితే తెలిసింది. మూర్ఛ వ్యాధిని గుర్తించడంలో ముఖ్యమైన ఆధారం ఆ సంఘటన వివరాలే. మూర్ఛ ఉన్నవాళ్లకి కూడా మామూలప్పుడు తీసిన ఈఈజీ నార్మల్‌గా రావచ్చు. ఏ ప్రశ్నలు అడగాలో, ఏ జవాబుకి ఎంత విలువివ్వాలో న్యూరాలజిస్టులకి బాగా తెలుసు. కానీ వాళ్లు ఎక్కువగా ఉండేది పెద్ద ఊళ్లలోనే. మాకు హైదరాబాద్ వంద కిలోమీటర్ల పైనే. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛ ఉందని, వాళ్లలో దాదాపు 80 శాతం పేద, మధ్య ఆదాయ దేశాల్లోనే ఉన్నారని డబ్ల్యూహెచ్‌ఓ లెక్క.

ఈ దూరాన్ని తగ్గించడానికే విక్టర్ పాటర్సన్ అనే బెల్‌ఫాస్ట్ న్యూరాలజిస్ట్, నేపాల్ డాక్టర్లతో కలిసి అక్కడి పేషెంట్ల వివరాలతో ఒక పద్ధతి తయారు చేశారు. అదే ఫోన్ యాప్ అయ్యింది. దాన్ని ఇండియా, నేపాల్ పేషెంట్ల మీద పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. న్యూరాలజిస్ట్ కాని డాక్టర్లు, హెల్త్ వర్కర్లు వాడాలన్నది ఉద్దేశం. యాప్ కొద్ది ప్రశ్నలు అడుగుతుంది, చివర్లో ఇది మూర్ఛ అయ్యే అవకాశం ఎంతో చెబుతుంది.

లోపల పెద్ద ఏఐ ఉందనుకుంటున్నారా? లేదు. మనం ప్రాబబిలిటీ పేపర్‌లో రాసే బేయిస్ సిద్ధాంతమే. తాత జవాబులతోనే చూద్దాం. ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి నేను పెట్టుకున్నవి, మెడికల్ అంకెలు కావు.

మొదట సొమ్మసిల్లడం, మూర్ఛ రెండింటికీ సమాన అవకాశం, 1:1 అనుకుందాం. పడేముందు కళ్లు చీకట్లు కమ్మడం సొమ్మసిల్లిన వాళ్లలో 5 రెట్లు ఎక్కువ అనుకుంటే 5:1. వెంటనే తెలివిలోకి వచ్చి మనుషుల్ని గుర్తుపట్టడం ఇంకో 4 రెట్లు, అంటే 20:1. కాళ్లు చేతులు కొట్టుకోవడం మూర్ఛ వైపు 2 రెట్లు, కాబట్టి 20:2, అంటే 10:1. సొమ్మసిల్లడానికి అవకాశం 11లో 10, సుమారు 91 శాతం. ఊరంతా పట్టుకున్నది ఆ కొట్టుకోవడాన్నే. కానీ సొమ్మసిల్లినప్పుడు కూడా కాసేపు అలా జరగొచ్చు.

కోడ్ మనం ఒక్క సాయంత్రంలో రాసేయొచ్చు. కష్టం ఆ రెట్లు ఎక్కడి నుంచి తేవాలన్నది. ఒక చోటి పేషెంట్లతో కట్టిన అంకెలు ఇంకో చోట సరిపోతాయో లేదో మళ్లీ పరీక్షించాలి. రెండు లక్షణాలు ఎప్పుడూ కలిసే వస్తుంటే, విడివిడిగా గుణిస్తే ఒకే సాక్ష్యాన్ని రెండుసార్లు లెక్కేసినట్టు. ప్రశ్న భాష కూడా ముఖ్యమే. "స్పృహ తప్పిందా?" అంటే మా తాత తడుముకుంటాడు. "పిలిస్తే పలికిండా?" అంటే టక్కున చెప్తాడు. ఇన్‌పుట్ తప్పయితే బేయిస్ కూడా ఏం చేయలేడు. అందుకే యాప్ డాక్టర్‌కి సాయం మాత్రమే, చివరి మాట డాక్టర్‌దే.

కాబట్టి మన ముందు ఎవరైనా అలా పడితే చేతిలో తాళాలు పెట్టకండి, నోట్లో ఏమీ కుక్కకండి. చుట్టుపక్కల తగిలేవి తీసేసి పక్కకి తిప్పి పడుకోబెట్టండి. టైమ్ చూడండి, 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. ఇంకొకరు తోడుంటే వీడియో తీసి డాక్టర్‌కి మాత్రమే చూపించండి, స్టేటస్‌లో పెట్టకండి.

మా తమ్ముడికి డాక్టర్ ఈసీజీ తీయించి, గుండె బాగానే ఉందని చూసి, "సొమ్మసిల్లిండు, ఫిట్స్ కావు" అన్నారు. లేకపోతే వాడు అక్కర్లేని గోలీలు ఏళ్ల తరబడి మింగేవాడేమో, ఆ పేరు కూడా మోసేవాడు. ఆ రోజు తాత చూసింది చూసినట్టు చెప్పాడు. ఏ యాప్‌కైనా కావాల్సిన మొదటి డేటా అదే.