ఎండ దద్దుర్లా? వయ్యారిభామ దురదా?



ఎండలు ముదిరేసరికి కొందరికి చేతులమీద, మెడమీద ఎర్రని పొక్కులు లేచి విపరీతంగా దురద పెడుతుంది. "ఒంటికి వేడి చేసింది" అని మజ్జిగ తాగి ఊరుకుంటారు. మజ్జిగ మంచిదే. కాని ఇది వేడి వల్ల వచ్చినది కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ చర్మానికి సరిపడకపోవడమే కారణం. దీనినే ఎండ ఎలర్జీ అంటున్నాము. ఇది అంటువ్యాధి కాదు.

అయితే పొలంలో మెలిగేవారికి ఎండతోపాటు మరొక శత్రువున్నది. గట్లమీద, బంజరులో చిన్న తెల్లని పూలతో పెరిగే వయ్యారిభామ. కాంగ్రెసు గడ్డి అన్నా ఇదే. అమెరికా ఖండపు ఈ మొక్కను మన దేశంలో 1955 ప్రాంతంలో పుణెలో గుర్తించారు. ఆ తరువాత దేశమంతా అల్లుకున్నది. దీనిలోని పార్థెనిన్ అనే పదార్థం పడనివారికి, ఎండిన ఆకుపొడి గాలికి ఎగిరి ఒంటిమీద పడినా చాలు, దద్దుర్లు లేస్తాయి.

మరి రెంటినీ పోల్చుకోవడం ఎట్లా? దద్దుర్లు ఎక్కడ లేచినవో చూడండి. ఎండ దద్దుర్లు ఎండలో తిరిగిన కొన్ని గంటలకు ముంజేతుల పైభాగాన, అరచేతుల వెనుక, చొక్కా గుండీ తీసినచోట వస్తాయి. గడ్డం కింద, చెవుల వెనుక, అంటే నీడ ఉండేచోట సాధారణంగా రావు. నీడపట్టున ఉంటే కొద్దిరోజుల్లో తగ్గుతాయి. వయ్యారిభామ పొడికి నీడ అడ్డురాదు. కనురెప్పలు, చెవుల వెనుక, గడ్డం కింద, మోచేతి మడత, మోకాలి వెనుక కూడా దురద పెడుతుంది. ఆ కలుపు ఏపుగా ఉన్న రోజుల్లో ఎక్కువవుతుంది.

ఈ తేడా తెలియక ఏళ్ళ తరబడి ఉపేక్షిస్తే, కలుపుతో మొదలైన జబ్బు కొందరికి ఎండ కూడా పడని స్థితికి ముదురుతుంది. అప్పుడు పొలం వెళ్ళడమే కష్టమవుతుంది.

నివారణ మన చేతిలోనే ఉన్నది. పగలు 10 గంటల నుండి 4 గంటల దాకా ఎండ పని వీలైనంత తగ్గించుకోవలెను. ఒత్తు నేత గల పొడుగు చేతుల చొక్కా, తలగుడ్డ వాడండి. మన కూలి అక్కచెల్లెళ్ళు చీరమీద మగవారి చొక్కా తొడుక్కుంటారు గదా, అది ఎంతో మంచి అలవాటు. వీలున్నవారు ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గని సన్‌స్క్రీన్ పూసుకుని, రెండేసి గంటలకు మళ్ళీ పూసుకోవలెను.

వయ్యారిభామను పూతకు రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతులకు తొడుగులు వేసుకుని వేళ్ళతో సహా పీకవలెను. ఇదివరకే దురద ఉన్నవారు ఈ పనికి దిగరాదు. పనికాగానే సబ్బుతో స్నానం చేసి, ఆ బట్టలు విడిగా ఉతకండి.

దద్దుర్లు లేస్తే ఎండ నుండి తప్పుకుని, చల్లని నీటిలో పిండిన గుడ్డ వేయండి. కాలమిన్ లోషను పూయవచ్చును. గోకరాదు. నిమ్మరసం మాత్రం రాయకండి. నిమ్మరసం మీద ఎండ తగిలితే చర్మం బొబ్బలెక్కి నల్లమచ్చలు పడతాయి. బావంచాల నూనె కూడా అంతే. మందుల షాపులో అడిగి స్టీరాయిడు పూతమందులు రోజుల తరబడి రాస్తే చర్మం పలుచబడుతుంది. డాక్టరు చెప్పినన్నాళ్ళే వాడవలెను. కొన్ని బి.పి. మాత్రలు, డాక్సీసైక్లిన్ వంటి మందులు కూడా ఎండ పడకుండా చేస్తాయి. వాడే మందులన్నీ డాక్టరుకు చూపండి, మీ అంతట మీరు మానవద్దు.

ముఖం వాచి ఊపిరాడకపోతే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి పోవలెను. దద్దుర్లతోపాటు జ్వరం, కీళ్ళనొప్పులు, నోటిపూత ఉన్నా డాక్టరుకు చూపవలెను. మెడచుట్టూ పట్టీలా నల్లబడి విరేచనాలవుతుంటే అది పోషకాహార లోపం వల్ల వచ్చే పెల్లాగ్రా కావచ్చు. అదీ చూపించవలసినదే.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. కలుపు ఏరివేత కార్యక్రమం పెట్టినప్పుడు పిల్లలచేత వట్టి చేతులతో ఈ మొక్కను పీకించకండి. ముందు తొడుగులు తెప్పించండి, ఆ తరువాతే గట్టు దగ్గరకు నడవండి.