పిల్లలు సగమైతే చుట్టాలు ఎంతమంది మిగులుతారు?

అమ్మానాన్నలకు పెదనాన్న పిల్లలు, మేనమామ పిల్లలు అంటూ ఊరూరా ఉంటే, మనింటి పిల్లలకు పట్టుమని పదిమంది ఎందుకు లేరు? కుటుంబాలు చిన్నవయ్యాయన్నది తెలిసిన జవాబే. అయితే చుట్టరికం అంతకన్నా చాలా వేగంగా తరిగిపోయింది. లెక్క వేస్తే గాని ఆ సంగతి తెలియదు.

ప్రతి ఇంట్లో నలుగురు పిల్లలు అనుకుందాం. నాన్నకు ముగ్గురు తోబుట్టువులు, అమ్మకు ముగ్గురు, మొత్తం ఆరుగురు. వాళ్లకు నలుగురేసి పిల్లలు. అంటే ఈ తరం కజిన్స్ అని పిలుచుకునేవాళ్లు 24 మంది. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఇద్దరే అనుకోండి. అమ్మకొకరు, నాన్నకొకరు తోబుట్టువు. వాళ్ల పిల్లలు నలుగురు. పిల్లలు సగమయ్యారు, కజిన్స్ మాత్రం ఆరో వంతయ్యారు. కోత ఒక తరంతో ఆగదు మరి. అమ్మానాన్నల తోబుట్టువులూ తగ్గారు, వాళ్లు కన్న పిల్లలూ తగ్గారు.

మన దగ్గర నిజంగా ఎంత తగ్గింది? ఒక స్త్రీ జీవితకాలంలో సగటున కనే పిల్లల సంఖ్యను సంతానోత్పత్తి రేటు అంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 2.6. 2019-21 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా తగ్గకుండా నిలబడాలంటే 2.1 ఉండాలి.

పూర్వం పుట్టినవాళ్లంతా దక్కేవారా అని మీరు అడగవచ్చు. దక్కేవారు కాదు. అందుకే పై లెక్కలో నలుగురంటే, పెరిగి పెద్దయి సంసారాలు చేసినవాళ్లు అనుకోండి. మేనరికాలు, కుండమార్పిళ్ల మాటేమిటి? అవి సంఖ్యను ఇంకా తగ్గిస్తాయి. మేనత్తే మేనమామ భార్య అయితే రెండు వైపుల పిల్లలూ ఒకరే.

సగటుతో ఇంకో చిక్కుంది. వంద ఇళ్లలో సగం ఇళ్లకు ఒక్కరు, సగం ఇళ్లకు ముగ్గురు పిల్లలుంటే సగటు ఇద్దరే. కానీ ఆ 200 మంది పిల్లల్లో 150 మంది ముగ్గురున్న ఇళ్లవాళ్లే. వాళ్లను అడిగితే తోబుట్టువుల సగటు ఒకటి కాదు, ఒకటిన్నర. కాబట్టి అసలు సంఖ్య మన లెక్కకన్నా కాస్త ఎక్కువే ఉంటుంది. దాంతో పెద్దగా ఊరట లేదనుకోండి.

నాకు ఎక్కువ దిగులు కలిగించేది మేనమామ లెక్క. పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చేది ఆయనే కదా. ఆడ, మగ సమానంగా పుడతారనుకుంటే, నలుగురు పిల్లల కాలంలో అమ్మకు అన్నదమ్ములే లేని ఇల్లు ఎనిమిదింటిలో ఒకటి. ఇద్దరు పిల్లల కాలంలో రెండింటిలో ఒకటి. వందమంది పిల్లల్లో దాదాపు 50 మందికి సొంత మేనమామ ఉండడు. మేనత్త సంగతీ అంతే. ఇద్దరూ లేనివాళ్లు నలుగురిలో ఒకరు; వాళ్లకు సొంత బావలు, మరదళ్లు ఉండరు. ఒక్కరే చాలనుకున్న ఇళ్లు వియ్యమందితే, పుట్టే బిడ్డకు బాబాయి, పిన్ని కూడా ఉండరు. ఒకే బిడ్డ విధానం నడిచిన చైనా నగరాల్లో ఇది ఇప్పటికే చాలా కుటుంబాల అనుభవం.

మరి దారే లేదా? ఉంది, ఒక మెట్టు పైన. నేటి పిల్లల తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు పెద్ద కుటుంబాల్లో పుట్టినవాళ్లు. ఆ నలుగురికీ ముగ్గురేసి తోబుట్టువులుంటే పన్నెండుమంది. వాళ్లకు ఇద్దరేసి పిల్లలు, ఆ పిల్లలకు మళ్లీ ఇద్దరేసి: మొత్తం 48 మంది. సొంత కజిన్స్ నలుగురే ఉన్న బిడ్డకు, తాతల తోబుట్టువుల వైపున 48 మంది అన్నలు, వదినలు, బావలు, మరదళ్లు ఉన్నారన్నమాట. చాలామందికి వాళ్ల పేర్లు కూడా తెలియవు. ఈసారి ఊరెళ్లినప్పుడు తాతనో అమ్మమ్మనో కూర్చోబెట్టి, వాళ్ల తోబుట్టువుల పిల్లలు, మనవలు ఎవరు ఎక్కడున్నారో రాయించుకోండి. ఫోన్ నంబర్లతో సహా.